అమెరికా రాష్ట్రాల వెండి క్వార్టర్లు: యాభై బిళ్ళల సెట్ ఎలా పోగుచేయాలి

అమెరికాలో కొన్నేళ్ళుగా ఉంటున్న వాళ్ళ ఇంట్లో క్వార్టర్ల, అంటే పావు డాలర్ బిళ్ళల, డబ్బా ఒకటి ఉంటుంది. లాండ్రీ కోసమో, పార్కింగ్ మీటర్ కోసమో పక్కన పడేసిన చిల్లర అది. తిరగేసి చూస్తే చాలావాటి వెనక ఏదో ఒక రాష్ట్రం పేరు, ఒక బొమ్మ కనబడతాయి. జార్జియా అయితే పీచ్ పండు, టెక్సస్ అయితే ఒంటి నక్షత్రం. 1999 నుంచి 2008 వరకు పదేళ్ళపాటు, ఏడాదికి ఐదు చొప్పున, యాభై రాష్ట్రాలకీ ఒక్కో క్వార్టర్ విడుదల చేశారు. దానికి సంబంధించిన చట్టం మీద అధ్యక్షుడు క్లింటన్ 1997 డిసెంబర్ 1న సంతకం పెట్టాడు.

డబ్బాలో ఉన్నవి రాగి, నికెల్ బిళ్ళలు. ఇవే బొమ్మలతో సేకరణ కోసం వెండిలో కూడా కొట్టారని చాలామందికి తెలియదు. ఆ వెండి సెట్‌ను ఎక్కువ డబ్బు తగలేయకుండా, మోసపోకుండా ఎలా పోగుచేయాలో ఇక్కడ చెబుతాను. అక్కడ ఉంటున్నవాళ్ళకీ, అక్కడి పిల్లల దగ్గరికి వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చే అమ్మానాన్నలకీ ఇది మంచి కాలక్షేపం. పెట్టుబడి కోసమే అయితే మాత్రం ఇది సరైన దారి కాదు. ఆ మాట ముందే అనుకుంటే మంచిది.

మొదటి పని: బిళ్ళను చదవడం నేర్చుకోండి

బొమ్మ వైపు జార్జ్ వాషింగ్టన్ తల ఉంటుంది. 1932లో జాన్ ఫ్లానగన్ చెక్కిన రూపాన్నే కొద్దిగా సర్ది వాడారు. బొరుసు వైపు రాష్ట్రం బొమ్మకి చోటు కావాలి కాబట్టి, మామూలుగా అక్కడ ఉండే మాటలు కొన్నిటిని బొమ్మ వైపుకి తెచ్చేశారు. ఏడాది మాత్రం వెనక్కి వెళ్ళింది. చాలామంది తికమకపడేది ఇక్కడే. బొరుసు మీద రెండు సంవత్సరాలు ఉంటాయి. పైన ఉన్నది ఆ రాష్ట్రం అమెరికా యూనియన్‌లో చేరిన ఏడాది, కింద ఉన్నది బిళ్ళ కొట్టిన ఏడాది. టెక్సస్ బిళ్ళ మీద పైన 1845, కింద 2004 ఉంటాయి. డెలావేర్ బిళ్ళ మీద పైన 1787 అని ఉంటుంది. అది చూసి "రెండొందల ఏళ్ళనాటి అమెరికా నాణెం, లక్షలు పలుకుతుంది" అని ఎవరైనా మీకు అమ్మజూపితే నవ్వి ఊరుకోండి. అది 1999లో కొట్టిన పావు డాలర్.

విడుదల చేసిన వరస రాష్ట్రాలు యూనియన్‌లో చేరిన వరసే. అందుకే 1999లో డెలావేర్, పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, జార్జియా, కనెక్టికట్ వచ్చాయి. చివరి ఏడాది 2008లో ఓక్లహోమా, న్యూమెక్సికో, అరిజోనా, అలాస్కా, హవాయి వచ్చాయి. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు ఏ ఏడాదివో గుర్తుంచుకుంటే వెతకడం తేలిక: న్యూజెర్సీ, జార్జియా 1999, వర్జీనియా 2000, నార్త్ కరోలినా 2001, ఇల్లినాయ్ 2003, మిషిగన్, టెక్సస్ 2004, కాలిఫోర్నియా 2005, వాషింగ్టన్ 2007.

ఇక టంకశాల గుర్తు. వాషింగ్టన్ జుట్టు ముడి వెనకాల, కుడి పక్కన ఒక చిన్న అక్షరం ఉంటుంది. 'పి' అంటే ఫిలడెల్ఫియా, 'డి' అంటే డెన్వర్. ఈ రెండూ చలామణీ కోసం కొట్టినవి, వీటిలో వెండి లేదు. 'ఎస్' అంటే శాన్‌ఫ్రాన్సిస్కో. వెండి బిళ్ళలన్నీ ఈ 'ఎస్' గుర్తువే. కానీ 'ఎస్' గుర్తు ఉన్నవన్నీ వెండివి కావు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకే బొమ్మను ప్రూఫ్‌గా, అంటే సేకరణ కోసం అద్దంలా మెరిసేలా, రెండు లోహాల్లో కొట్టారు: ఒకటి రాగి, నికెల్ పొరలతో, ఇంకొకటి 90 శాతం వెండి, 10 శాతం రాగితో. రెండూ అద్దంలా మెరుస్తాయి, రెండిటి మీదా 'ఎస్' ఉంటుంది. వెండి అనుకుని నికెల్‌ది కొనేవాళ్ళు దెబ్బతినేది ఈ ఒక్క చోటే.

రెండో పని: వెండిని పట్టుకోండి

ఇది కొంచెం ఓపిగ్గా చూడాల్సిన సంగతి.

బిళ్ళను అంచులతో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పక్కగా దీపం కిందకి తిప్పండి. మామూలు క్వార్టర్ అయితే అంచు గళ్ళ మధ్యలో ఎర్రటి చార ఒకటి చుట్టూ తిరిగి కనబడుతుంది. లోపల స్వచ్ఛమైన రాగి, దానికి అటూ ఇటూ నికెల్ కలిపిన తెల్లటి పొరలు ఉండటం వల్ల ఆ చార వస్తుంది. వెండి బిళ్ళకి చార ఉండదు. అంచంతా ఒకే తెలుపు. ఒక్కసారి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తర్వాత జన్మలో పొరబడరు.

రెండో పరీక్ష తూకం. వెండి క్వార్టర్ 6.25 గ్రాములు, నికెల్‌ది 5.67 గ్రాములు. వంటింటి త్రాసు దీనికి పనికిరాదు. గ్రాములో నూరో వంతు దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదు కాదు. పళ్ళెం మీద మెత్తటి బట్ట ముక్క పరిచి, సున్నా చేసుకుని, అప్పుడు బిళ్ళ పెట్టండి. లోహం మీద నేరుగా పెడితే గీత పడుతుంది. ఒకటి రెండు నూరో వంతుల తేడా వస్తే కంగారు పడకండి. అర గ్రాము తేడా వస్తే మాత్రం అది వెండి కాదు.

మన బంగారం కొట్టువాడి పద్ధతులు ఇక్కడ వాడకూడదు. గీటురాయి మీద రుద్దితే బిళ్ళ పనైపోయినట్టే. బల్ల మీద వేసి ఖంగుమని మోగుతుందో లేదో వినడం కూడా ప్రూఫ్ బిళ్ళకి ప్రాణాంతకమే.

అన్నీ ప్లాస్టిక్ పలకలో బిగించి ఉంటే అంచు కనబడదు కదా అంటారా? నిజమే. అప్పుడు పెట్టె చూడాలి. టంకశాల ఇచ్చిన అసలు పెట్టె, దాని లోపలి సర్టిఫికెట్ మీద 'సిల్వర్ ప్రూఫ్ సెట్' అని స్పష్టంగా రాసి ఉండాలి. వట్టి 'ప్రూఫ్ సెట్' అని ఉంటే అది నికెల్‌ది. వెండి సెట్‌లో కూడా అన్నీ వెండివి కావు. ఐదు క్వార్టర్లు, డైమ్ (పది సెంట్ల బిళ్ళ), హాఫ్ డాలర్ మాత్రమే వెండివి. సెంటు, 'నికెల్' అని పిలిచే ఐదు సెంట్ల బిళ్ళ, తర్వాతి ఏళ్ళ సెట్లలో వచ్చే డాలర్ బిళ్ళ మామూలు లోహాలే. "పది వెండి నాణేలు" అని చెప్పి అమ్మేవాడి దగ్గర ఇంకేం కొనకండి.

మూడో పని: ధర లెక్క మీ చేతిలో ఉంచుకోండి

ఒక్కో బిళ్ళలో నికరంగా 5.625 గ్రాముల వెండి ఉంటుంది. అంటే 0.1808 ట్రాయ్ ఔన్సు. ఈ ఒక్క అంకె ఫోన్‌లో రాసిపెట్టుకోండి. ఆ రోజు ఔన్సు వెండి ధరని దీంతో గుణిస్తే బిళ్ళలో ఉన్న లోహం విలువ వస్తుంది. ఉదాహరణకి ఔన్సు 30 డాలర్లుంటే బిళ్ళలో వెండి 5 డాలర్ల 42 సెంట్లు. యాభై బిళ్ళలకీ కలిపి 281 గ్రాముల పైచిలుకు, తొమ్మిది ఔన్సుల వెండి. మన పాత తులం (11.66 గ్రాములు) లెక్కలో పాతిక తులాలు కూడా లేదు.

ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు. అమెరికాలో కూరగాయలు తూచే ఔన్సు 28.35 గ్రాములు. ఈ తేడా తెలియకుండా లెక్క వేస్తే సుమారు పదో వంతు తప్పుతుంది.

లోహం విలువ మీద ఎంత ఎక్కువ పెట్టవచ్చు? నా అభిప్రాయం చెబుతాను. పెట్టె నుంచి విడగొట్టి విడిగా అమ్మే బిళ్ళలకి వెండి విలువ కన్నా కాస్త మాత్రమే ఎక్కువ ఇవ్వండి. ఈ బిళ్ళలు అరుదైనవి కావు. లక్షల్లో కొట్టారు, కొన్నవాళ్ళు దాచుకున్నారు, చాలావరకు నిన్న కొట్టినట్టే ఉన్నాయి. "కొద్దిమంది దగ్గరే ఉంది" అనే మాట ఇక్కడ చెల్లదు.

మినహాయింపు ఒక్కటే: 1999. ఆ మొదటి ఏడాది వెండి సెట్లు 8,04,565 మాత్రమే అమ్ముడయ్యాయి. అదే ఏడాది నికెల్ ప్రూఫ్ సెట్లు పాతిక లక్షలు దాటాయి. తర్వాత సేకరణ మొదలుపెట్టిన ప్రతివాడికీ మొదటి ఐదు కావాలి కాబట్టి 1999 వెండి సెట్ ధర మిగతా ఏళ్ళకన్నా ఎప్పుడూ పైనే ఉంటూ వచ్చింది. ధర ఉన్న చోటికి నకిలీలు వస్తాయి, వచ్చాయి కూడా. అందుకని 1999తో మొదలుపెట్టకండి. ఆ ఐదూ చివర కొనండి. అప్పటికి నలభై ఐదు అసలైనవి చేత్తో పట్టుకుని, తూచి, అంచు చూసి ఉంటారు. మీ కన్ను నిలబడుతుంది. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి సొంత రాష్ట్రం బిళ్ళ కోసం ఆగడం కష్టమే. అయినా ఆగండి.

నాలుగో పని: ఎక్కడ కొనాలి

అమెరికా టంకశాల ఇప్పుడు వీటిని అమ్మడం లేదు, కాబట్టి పాతవాళ్ళ దగ్గర నుంచే రావాలి. మూడు దారులున్నాయి.

ఊళ్ళో నాణేల దుకాణం మొదటిది. ఒక మోస్తరు ఊరికైనా ఒకటి ఉంటుంది. వెళ్ళి "నైంటీ పర్సెంట్ స్టేట్ క్వార్టర్స్ ఉన్నాయా" అని అడగండి. సెట్లు విడగొట్టగా మిగిలినవి ట్రేలో పోసి పెట్టి ఉంటారు. ఒక్కోటి ఏరుకోనిస్తారు. ఏ రాష్ట్రాలు కావాలో చీటీ రాసుకుని వెళ్ళండి, లేకపోతే ఇంటికొచ్చాక టెన్నెసీలు మూడు, ఒహాయోలు సున్నా తేలతాయి. బేరం ఆడొచ్చు, పది పదిహేను కలిపి కొంటే తగ్గిస్తారు. నగదు ఇస్తే కొందరు ఇంకా తగ్గిస్తారు.

రెండోది నాణేల ప్రదర్శనలు. వారాంతాల్లో హోటల్ హాళ్ళలోనో, కమ్యూనిటీ సెంటర్లలోనో జరుగుతాయి. ఒకే చోట ముప్ఫై నలభై బల్లలు ఉంటాయి కాబట్టి ధరలు పోల్చుకోవచ్చు. ఒక చుట్టు తిరిగి రాకుండా ఏదీ కొనకండి. పిల్లల్ని తీసుకెళ్తే చాలామంది వర్తకులు ఊరికే ఒక పాత సెంటు చేతిలో పెడతారు.

మూడోది ఆన్‌లైన్. ఇక్కడ జాగ్రత్తలు ఎక్కువ. అమ్మేవాడు పెట్టిన ఫోటో అసలు బిళ్ళదేనా, ఎక్కడినుంచో తెచ్చిన బొమ్మా చూడండి. అంచు ఫోటో అడగండి, తూకం ఫోటో అడగండి. పంపడానికి సాకులు చెబితే వదిలేయండి. 'సిల్వర్ టోన్', 'సిల్వర్ లేయర్డ్' లాంటి మాటలు కనబడితే అందులో వెండి లేదనే అర్థం. టీవీల్లో ఒకప్పుడు తెగ అమ్మిన బంగారు పూత క్వార్టర్లు, రంగులద్దిన క్వార్టర్లు, ప్లాటినం పూతవి అన్నీ మామూలు పావు డాలర్లే. పూత వేశాక సేకరణ విలువ కూడా పోతుంది. వెల్వెట్ పెట్టెలో, సర్టిఫికెట్‌తో, యాభై రాష్ట్రాల మ్యాప్ మీద అతికించి వచ్చినా సరే అంతే. గరాజ్ సేల్స్‌లో ఇవి విరివిగా కనబడతాయి. పన్నెండున్నర డాలర్లకి ఇస్తే తీసుకోండి, ముఖ విలువ అంతే.

బ్యాంకు నుంచి రోల్స్ (కాగితంలో చుట్టిన చిల్లర కట్టలు) తెచ్చి వెతికితే దొరుకుతాయా అని అడిగేవాళ్ళున్నారు. తాత దాచిన సెట్ విప్పి మనవడు కోక్ కొనుక్కుంటే ఒకటో అరో చలామణీలోకి వస్తుంది, కానీ ఆ ఆశతో కూర్చోకండి. వచ్చిన చిల్లర అంచులు మాత్రం ఎప్పుడూ ఓ చూపు చూసుకోండి. 1964 వరకు కొట్టిన వాషింగ్టన్ క్వార్టర్లన్నీ 90 శాతం వెండివే, అవి ఇప్పటికీ అక్కడక్కడా తగులుతుంటాయి.

2004 నుంచి ఒక సౌలభ్యం వచ్చింది. అంతకు ముందు వెండి క్వార్టర్లు కావాలంటే పూర్తి సెట్ కొనాల్సిందే. ఆ ఏడాది నుంచి ఐదు వెండి క్వార్టర్లనే విడిగా ఒక సెట్‌గా అమ్మారు. 2004 నుంచి 2008 దాకా పాతిక రాష్ట్రాలు ఇలా చిన్న పెట్టెల్లో దొరుకుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడ మొదలుపెడితే ఐదు పెట్టెలతో సగం సెట్ అయిపోతుంది. టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ వాళ్ళకి సొంత బిళ్ళ కూడా వెంటనే చేతికొస్తుంది.

ఐదో పని: ఏది మంచిదో, ఏది కాదో

ప్రూఫ్ బిళ్ళ అంటే మెరుగుపెట్టిన అచ్చుతో, ఒకటికన్నా ఎక్కువ దెబ్బలు వేసి కొట్టినది. నేల అద్దంలా ఉంటుంది, బొమ్మ పొడి మంచు చల్లినట్టు తెల్లగా ఉంటుంది. దీపం కింద కొంచెం కొంచెంగా వంచుతూ చూడండి. నేల నల్లగా మారి బొమ్మ తెల్లగా తేలితే మంచి బిళ్ళ. వేలిముద్ర ఉందా, సన్నటి వెంట్రుక గీతలున్నాయా, పాలచుక్కల్లాంటి మచ్చలున్నాయా చూడండి. వేలిముద్ర ఉంటే వద్దు. ఎవరో చెమట చేత్తో పట్టుకున్న ముద్ర లోహంలోకి దిగిపోతుంది, ఏం చేసినా పోదు.

గ్రేడింగ్ కంపెనీలు బిళ్ళను పరీక్షించి, గట్టి ప్లాస్టిక్‌లో సీలు వేసి, నాణ్యతకి 69, 70 అని అంకెలు ఇస్తాయి, 70 అన్నిటికన్నా పైది. ఈ సెట్‌కి అవి దండగ అనే అంటాను. 69కీ 70కీ తేడా భూతద్దంతో కూడా మీకు కనబడదు, ధరలో మాత్రం బాగా కనబడుతుంది. 1999 ఐదు బిళ్ళలకి మాత్రం, అసలువని నమ్మకం కోసం, పేరున్న కంపెనీ సీలు వేసినవి కొనడంలో అర్థం ఉంది. కొన్నాక ఆ సీలు మీద నంబరుని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూసి, అక్కడి ఫోటోతో పోల్చుకోండి.

ఇంకో మాట. విస్కాన్సిన్ బిళ్ళ మీద మొక్కజొన్నకి అదనపు ఆకు ఉంటే చాలా విలువ అని మీరు చదివే ఉంటారు. నిజమే, కానీ అది 2004లో డెన్వర్ కొట్టిన మామూలు బిళ్ళల్లో వచ్చింది. వెండి వాటిలో దానికోసం వెతికి కళ్ళు కాయలు చేసుకోకండి. ఆ వెతుకులాటకి మీ లాండ్రీ డబ్బానే సరైన చోటు.

బొరుసులను చదవడం

కొనడం, తూచడం పక్కన పెట్టి కాసేపు బొమ్మలు చూడండి, ఈ సెట్ రుచి అక్కడే ఉంది. ఎవరి తలనీ, భుజాల దాకా ఉండే రూపాన్నీ రాష్ట్రం వైపు పెట్టకూడదని చట్టంలోనే ఉంది. బతికున్నవాళ్ళ బొమ్మ అసలే వద్దన్నారు. అందుకే అలబామా బిళ్ళ మీద చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఒళ్ళో పుస్తకం. ఆమె పేరు ఇంగ్లీషులోనూ, బ్రెయిలీ చుక్కల్లోనూ ఉంటుంది. హవాయి మీద కమేహమేహా రాజు నిలువెత్తున నిలబడి ఉంటాడు. డెలావేర్ మీద సీజర్ రాడ్నీ గుర్రం మీద పరిగెడుతుంటాడు, స్వాతంత్ర్యానికి ఓటు వేయడానికి 1776లో రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళినవాడు. న్యూజెర్సీది ఇంకా తమాషా. డెలావేర్ నది దాటుతున్న వాషింగ్టన్ పడవ బొమ్మ బొరుసు మీద ఉంది, అటు తిప్పితే మళ్ళీ వాషింగ్టనే. బొమ్మా బొరుసూ రెండూ ఆయనే అయిన బిళ్ళ అది.

అన్నిటిలోకీ నాకు ఇష్టమైనది న్యూహాంప్‌షైర్‌ది. కొండ అంచున మనిషి ముఖంలా పొడుచుకొచ్చిన రాతి బండలు ఆ బిళ్ళ మీద ఉంటాయి. 'ఓల్డ్ మ్యాన్ ఆఫ్ ద మౌంటెన్' అంటారు. నుదురు, ముక్కు, గడ్డం విడివిడిగా తెలుస్తాయి. అమెరికా రాజ్యాంగాన్ని ఆమోదించిన తొమ్మిదో రాష్ట్రం కాబట్టి తొమ్మిది నక్షత్రాలు కూడా ఉంటాయి. బిళ్ళ విడుదలైంది 2000లో. 2003 మే 3న ఆ బండలు కూలిపోయాయి. ఇప్పుడు అక్కడికి వెళ్తే ముఖం లేదు. ఎంతో ప్రయత్నం చేసి, ఇనుప కడ్డీలతో, సిమెంటుతో దశాబ్దాలపాటు నిలబెట్టుకున్నా మంచు గడ్డకట్టి కరగడం దాన్ని వదల్లేదు.

పిల్లలు ఉంటే ఒక పద్ధతి బాగుంటుంది. రోడ్డు మీద కారులో ఏ రాష్ట్రానికి వెళ్ళివస్తే ఆ రాష్ట్రం వెండి బిళ్ళ వాళ్ళకి కొనివ్వండి. కొనడానికి ముందు పైన ఉన్న ఏడాదిని బట్టి, ఇది ఎన్నో రాష్ట్రమో వాళ్ళనే చెప్పమనండి. ఏకంగా యాభై కొని ఒళ్ళో పెడితే వారంలో మర్చిపోతారు.

ఆరో పని: దాచడం

వెండికి గంధకం పడదు. గాలిలో ఉన్న కాస్త గంధకం చాలు, అంచుల దగ్గర పసుపు మొదలై, గోధుమ రంగుకి, నలుపుకి తిరుగుతుంది. న్యూస్ పేపరులో చుట్టకండి, రబ్బరు బ్యాండు వేయకండి, చెక్క బీరువాలో నేరుగా పెట్టకండి. క్వార్టర్ కొలతకి సరిపోయే గట్టి గుండ్రటి క్యాప్సూల్స్ దొరుకుతాయి, ఒక్కో బిళ్ళకి ఒక్కోటి. బిళ్ళ వ్యాసం 24.3 మిల్లీమీటర్లు. క్యాప్సూల్ కొనేటప్పుడు ఆ కొలత చూసుకోండి. మెత్తగా, ప్లాస్టిక్ వాసన కొట్టే కవర్లు చాలా చవగ్గా వస్తాయి కానీ పీవీసీ వల్ల కొన్నాళ్ళకి బిళ్ళ మీద పచ్చటి జిగురు పడుతుంది. ఆల్బమ్ కొంటే ఒక జాగ్రత్త: కొన్ని ఆల్బమ్‌లలో ఒక్కో రాష్ట్రానికి నాలుగు చొప్పున, 'పి', 'డి', నికెల్ 'ఎస్', వెండి 'ఎస్', మొత్తం రెండొందల గుంటలుంటాయి. యాభై గుంటలదే అడగండి, లేకపోతే ఖాళీ గుంటలు మిమ్మల్ని వెక్కిరిస్తుంటాయి.

ఒకవేళ నల్లబడితే? మనింట్లో వెండి కుందులు, పన్నీరు బుడ్లు తోమినట్టు చింతపండుతోనో, విబూదితోనో, టూత్‌పేస్ట్‌తోనో తోమకండి. బల్లపరుపుగా చెప్పాలంటే బట్టతో తుడవను కూడా తుడవకండి. ప్రూఫ్ నేల అద్దం కన్నా మెత్తన, మెత్తటి కాటన్ బట్ట కూడా వందల గీతలు పెడుతుంది. తోమిన ప్రూఫ్‌కి వెండి ధర తప్ప ఇంకేం రాదు. నల్లబడినది నల్లగానే ఉండనివ్వండి. కొందరు ఆ రంగుల్ని ఇష్టపడి కొంటారు కూడా.

పూజగదిలో పెట్టుకుందామనుకునేవాళ్ళకి కూడా ఇదే మాట. అగరొత్తుల పొగ, కర్పూరం, పసుపు, కుంకుమ, అభిషేకం నీళ్ళు, వీటన్నిటికీ ప్రూఫ్ తట్టుకోదు. లక్ష్మీదేవి దగ్గర పెట్టాలనిపిస్తే ఒక మామూలు వెండి బిళ్ళ కొని పెట్టుకోండి.

యాభై అయ్యాక

2009లో వాషింగ్టన్ డీసీకీ, ప్వెర్టోరికో, గ్వామ్, అమెరికన్ సమోవా, వర్జిన్ దీవులు, నార్తర్న్ మేరియానా దీవులకీ కలిపి ఆరు బిళ్ళలు వచ్చాయి. వీటికీ వెండి ప్రూఫ్‌లున్నాయి, ఒకే సెట్‌గా తేలిగ్గా దొరుకుతాయి. డీసీ బిళ్ళ మీద పియానో దగ్గర జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ ఉంటాడు. ఈ ఆరూ కలుపుకుంటేనే సెట్ పూర్తయినట్టు అనిపిస్తుంది.

2010 నుంచి 2021 వరకు ప్రతి రాష్ట్రానికీ, ప్రాంతానికీ ఒక జాతీయ ఉద్యానం లేదా చారిత్రక స్థలం చొప్పున ఇంకో 56 వచ్చాయి. అది వేరే సేకరణ. ఒక్క సంగతి మాత్రం తెలుసుకోండి: వాటి వెండి ప్రూఫ్‌లు 2018 దాకా 90 శాతం వెండి, 2019 నుంచి 99.9 శాతం. కాబట్టి 2019 నుంచి వచ్చినవాటికి 0.1808 లెక్క చెల్లదు. అవే బొమ్మలతో మూడంగుళాల వెడల్పున, ఐదు ఔన్సుల స్వచ్ఛమైన వెండి బిళ్ళలు కూడా కొట్టారు. చూడటానికి ఘనంగా ఉంటాయి, కొంటూ పోతే మాత్రం కొరివి తలకి అంటించుకున్నట్టే.

ఇండియాకి తీసుకొచ్చేవాళ్ళకి

ఆభరణాలు కాని వెండికి కస్టమ్స్‌లో మామూలు డ్యూటీ ఫ్రీ మినహాయింపు వర్తించదు. వెండి నాణేలు ఆభరణాల కిందకి రావు. పావు కిలో దాటిన వెండిని "చిల్లర డబ్బులేగా" అని సూట్‌కేసులో వేసుకుని గ్రీన్ చానల్లో నడవకండి. కొన్న బిల్లులు చేత్తో ఉంచుకుని రెడ్ చానల్లో చెప్పండి. బ్యాగేజీ నిబంధనలూ, సుంకం రేట్లూ మారుతూ ఉంటాయి కాబట్టి బయల్దేరే వారంలో కస్టమ్స్ వెబ్‌సైట్ చూసుకోండి.

అమ్మాలనుకుంటే అమెరికాలోనే అమ్మండి. ఇక్కడ నగల కొట్టుకి తీసుకెళ్తే అతనికి అది 90 శాతం టచ్ ఉన్న వెండి ముక్క మాత్రమే. తరుగు తీసి, కరిగించే లెక్కన ఇస్తాడు. హెలెన్ కెల్లర్ అయినా, కమేహమేహా అయినా మూసలోకే. అమెరికాలో ఏడాది దాటి ఉంచుకుని లాభానికి అమ్మితే, నాణేలు కలెక్టబుల్స్ (సేకరణ వస్తువులు) కింద వస్తాయి కాబట్టి ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు, షేర్ల లెక్క వేరు.

చివరి పని చీటీ. ఏ బిళ్ళ ఎప్పుడు, ఎక్కడ, ఎంతకి కొన్నారో ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి. దాని మీదే తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండు ముక్కలు రాయండి: "ఇవి వెండివి, ఖర్చు పెట్టకండి, తోమకండి."